యాభై అర్జీలూ ఒక పలకా

రేవులపాడు పురపాలక సంఘం వారికి మేడిశెట్టి గనిరాజు నాలుగేళ్ళలో నలభై ఒక్క అర్జీలు పెట్టుకున్నాడు. నలభై ఒకటీ ఒకే విషయం గురించి. గాజులవీధిలో తన కుట్టుషాపు ముందున్న మురుక్కాలవ మీద పలక లేదు, వేయించండి మహాప్రభో అని.

ఒకప్పుడు పలక ఉండేది. పూడిక తీయడానికొచ్చిన మునిసిపాలిటీవాళ్ళు దాన్ని లేపి పక్కన పెట్టారు. పూడిక తీసి గట్టున పోశారు. పోతూ పోతూ పలకని ట్రాక్టరులో వేసుకుని వెళ్ళిపోయారు. ఎందుకు తీసుకెళ్ళారని అడిగితే వాళ్ళూ చెప్పలేకపోయారు. గట్టున పోసిన పూడిక మొదటి వానకే తిరిగి కాలవలోకి జారిపోయింది కాబట్టి, ఆ కార్యక్రమం మొత్తం మీద ఊళ్ళో వచ్చిన మార్పు గనిరాజు పలక పోవడం ఒక్కటే.

కాలవ వెడల్పు ముప్ఫై అంగుళాలు. గనిరాజు మెడలో టేపు తీసి కొలిచిన కొలత గనక ఇందులో అరంగుళం తేడా ఉండదు. కుర్రాళ్ళు గెంతేస్తారు. చీర కట్టుకున్నవాళ్ళూ, సంకలో పిల్లలున్నవాళ్ళూ, చూపు ఆననివాళ్ళూ అందులో పడతారు. ఈ నాలుగేళ్ళలో పదకొండు మంది పడ్డారు. గనిరాజు భార్య నూకరత్నం రెండుసార్లు పడింది. రెండోసారి చీలమండ బెణికి మూడు నెలలు గోడ పట్టుకుని నడిచింది. అప్పట్నించీ గనిరాజుకి ఒక అలవాటు పట్టుకుంది. వీధిలో చెప్పుల చప్పుడు వినపడితే చాలు, మిషను మీంచి తలెత్తకుండానే "కాలవ! జాగర్తండోయ్!" అని కేకేస్తాడు. ఒక్కోసారి నిద్దట్లోనూ వేస్తాడని నూకరత్నం చెబుతుంది.

మరి సొంతంగా ఒక చెక్కో రాయో వేసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. వేశాడు. చెక్క వేసిన మూడోనాడే మునిసిపాలిటీ వాళ్ళొచ్చి, ప్రభుత్వ మురుగుకాలువపై ప్రైవేటు వస్తువును ఉంచి ఆక్రమణకు పాల్పడినందున సదరు వస్తువును స్వాధీనపరచుకోవడమైనదని నోటీసిచ్చి పట్టుకుపోయారు. రాయి వేస్తే రెండోనాడే పట్టుకుపోయారు. పలకలు తీసుకుపోవడంలో మాత్రం ఆ ఆఫీసులో ఏనాడూ ఆలస్యం జరగలేదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో బాలికల హైస్కూలు హెడ్మిస్ట్రెస్ కరుణమ్మ గారు స్వయంగా వచ్చి కాలవకి అవతలి ఒడ్డున నిలబడ్డారు.

"గనిరాజూ, నువ్వు కుట్టిన యూనిఫారం అక్క తొడిగాక చెల్లి కూడా తొడిగేది. రెడీమేడువాళ్ళవి దసరాకే కుట్లు ఊడిపోతున్నాయి. ఈసారి మూడేళ్ళకి ఒకేసారి ఒప్పందం రాసివ్వమని పైనుంచి వచ్చింది. నీకే ఇద్దామని ఉంది నాకు."

"అంతకంటే కావలసిందేవుందండీ!"

"తొందరపడకు. ఫారంలో ఒక గడి ఉంది. దుకాణమునకు సురక్షితమైన దారి కలదా అని. కలదు అని రాస్తే అబద్ధం. లేదు అని రాస్తే నీకు రాదు. జూన్ పన్నెండున బడి తెరుస్తాం. ఆలోగా ఇక్కడ పలక పడితే ఆరువందల మంది పిల్లలూ నీ దగ్గరికే వస్తారు. పడకపోతే నేను చేయగలిగింది లేదయ్యా."

ఆవిడ వెళ్ళిపోయాక గనిరాజు చాలాసేపు మిషను తొక్కలేదు. బడి యూనిఫారాల పని రెడీమేడువాళ్ళకి పోయిన నాటి నుంచి షాపులో చిరుగులు కుట్టడం, జిప్పులు మార్చడం తప్ప పని లేదు. మూడేళ్ళు ఇలాగే నడిస్తే షాపుండదు. ఆ సంగతి అతనికీ తెలుసు, నూకరత్నానికీ తెలుసు. అందుకని ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు. అతను ఒక తెల్లకాగితం తీసి నలభై రెండో అర్జీ మొదలుపెట్టాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వానికి సేకరణ మీద ప్రేమ పుట్టింది.

అదెలా పుట్టిందంటే, కొందరు పెద్ద అధికారులు కిందటి ఎండాకాలంలో మూడు చలిదేశాలు తిరిగొచ్చారు. అక్కడ ఉద్యోగులు తపాలా బిళ్ళలూ, అగ్గిపెట్టె బొమ్మలూ, సీసా మూతలూ పోగుచేసుకుంటారట. అందువల్ల వాళ్ళకి రక్తపోటు లేదట, ప్రజల మీద విసుక్కోరట. ఇది గమనించి వచ్చిన అధికారులు ఇక్కడి ఉద్యోగులు కూడా విసుక్కోకుండా ఉండాలంటే ఏదో ఒకటి పోగుచేయక తప్పదని తేల్చారు. అభిరుచి వికాస పథకం అని దానికి పేరు పెట్టారు. ప్రతి కార్యాలయమూ విధిగా ఒక సేకరణ కలిగి ఉండాలి. దానికొక సేకరణాధికారి ఉండాలి. జూన్ అయిదున రాష్ట్ర పరిశీలన జరుగుతుంది. మొదటి స్థానం వచ్చిన కార్యాలయ అధిపతికి కోరిన చోటికి బదిలీ.

ఆ ఆఖరి వాక్యం చదివాకే రేవులపాడు కమిషనరు పంచాగ్నుల శేషఫణి గారికి సేకరణలో ఉన్న మానసిక ప్రశాంతత అర్థమైంది.

నిబంధనలు కూడా ఆయన శ్రద్ధగా చదివారు. నాలుగో నిబంధన ప్రకారం సేకరణలోని వస్తువు వాడనిదై ఉండాలి. ఒక్కసారి వాడినా విలువ పోయినట్టే, జాబితా నుంచి తొలగించాలి. ఏడో నిబంధన ప్రకారం విడి వస్తువులకంటే వరసకి మార్కులెక్కువ, యాభైకి తగ్గకుండా ఉంటే మరీ ఎక్కువ. వాడని వస్తువులకి ఆ కార్యాలయంలో లోటు లేదు. సీట్ల మీద ప్లాస్టిక్కు కవరు తియ్యని చెత్త ఆటోలున్నాయి, ఒక్క దోమ మొహం చూడని పొగయంత్రం ఉంది, మూత తెరవని ఫిర్యాదుల పెట్టె ఉంది. కానీ అన్నీ ఒంటివి. వరస లేదు.

ఆయన దిగులుగా ఉన్న సమయంలో సీనియర్ అసిస్టెంటు భద్రం ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. భద్రం ఇరవై ఏళ్ళుగా అర్జీలు తీసుకుని ముద్ర కొట్టే సీట్లో ఉన్నాడు. పథకం వచ్చాక సేకరణాధికారి అయ్యాడు.

"ఒకే అర్జీదారు, ఒకే విషయం, వరస తేదీలు సార్. అన్నిటి మీదా మన ముద్ర ఉంది. ఒక్కదాని మీద కూడా చర్య తీసుకోలేదు," అన్నాడు.

"అంటే వాడనివి," అన్నారు కమిషనరు గారు మెల్లగా.

"ఎవరూ చదవను కూడా లేదు సార్. అప్పుడే పెట్టినట్టున్నాయి."

శేషఫణి గారు లేచి నిలబడి ఆ కట్టని రెండు చేతులతో అందుకున్నారు.

ఈ సంగతి తెలియని గనిరాజు నలభై రెండో అర్జీ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఎప్పటిలా రేపు రమ్మంటారని సిద్ధపడే వెళ్ళాడు. భద్రం కిటికీలోంచి చూసి కుర్చీ వెనక్కి తోసి పరుగెత్తుకుంటూ బయటికొచ్చాడు.

"గనిరాజు గారా! మీరు నిలబడ్డవేంటండీ? లోపలికి రండి. ఆ కాయితం మడతపెట్టకండి! మడత పడితే సగం పోతుంది!"

నాలుగేళ్ళలో ఆ ఆఫీసులో అతన్ని ఎవరూ గారూ అనలేదు. కూర్చోమనీ అనలేదు. ఫ్యాను కింద కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, చేతులు తుడుచుకోవడానికి తువ్వాలిచ్చి, ఆ తర్వాతే అర్జీ అందుకున్నారు. గనిరాజుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పలక పడినట్టే అనుకున్నాడు.

కమిషనరు గారు కూడా అలాగే మాట్లాడారు.

"మీ విజ్ఞాపనలన్నీ సమగ్రంగా పరిశీలనలోకి తీసుకోవడం జరిగిందండీ. మొదటి పదీ కొంచెం అమాయకంగా ఉన్నాయి. పదకొండు నుంచి మీలో ఒక గాంభీర్యం కనిపించింది. ఇరవై రెండు చదివి మా ఆవిడ అన్నం తినలేదు."

"ఇరవై రెండు మా ఆడది పడిపోయినప్పుడు రాసిందండి," అన్నాడు గనిరాజు.

"అందుకే అంత సహజంగా వచ్చింది!"

"ఆయ్. మరి పలకండీ?"

"పలక విషయం కార్యాలయం దృష్టిలో ఉన్నది. కానీ మీరే ఆలోచించండి. ఇవాళ పలక వేస్తే ఏమవుతుంది? మీరు రాయడం మానేస్తారు. వరస నలభై రెండు దగ్గర ఆగిపోతుంది. ఇంత చక్కటి వరస అర్ధాంతరంగా ఆగిపోయిన పాపం మాకెందుకు? ఇంకొక్క ఎనిమిది రాయండి. జూన్ అయిదున పరిశీలన. అయిన మరుక్షణం మీ పలక మీకు చూపించే పూచీ నాది."

గనిరాజు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. జూన్ అయిదుకీ పన్నెండుకీ మధ్య వారం ఉంది. పలక వేయడానికి అరపూట చాలు. "ఎనిమిదీ రేప్పొద్దుటికి తెచ్చిచ్చేత్తానండి," అన్నాడు.

భద్రం కంగారుపడ్డాడు. "వద్దొద్దు! పన్నెండో నిబంధన ప్రకారం వస్తువు సహజంగా పుట్టాలండీ. వారానికొకటి. ఏ వారం బాధ ఆ వారమే రాయాలి."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే నూకరత్నం కూర తరుగుతున్న కత్తిపీట పక్కకి జరిపింది.

"ఏవయ్యా, ఆరికి నీ కాయితాలు కావాలి. నీకు పలక కావాలి. పలకేత్తే ఆరికి కాయితాలు రావు. మరి ఆరెందుకేత్తారు?"

"మాటిచ్చారే. కమిషనరు గారు స్వయంగా అన్నారు."

"ఏవన్నారు? ఏత్తానన్నారా?"

"చూపిత్తానన్నారు."

నూకరత్నం కత్తిపీట దగ్గరికి లాక్కుంది.

అప్పట్నించీ గనిరాజు వారం వారం అర్జీ రాశాడు. ఇదివరకు రాసినప్పుడు మనసు తేలికపడేది. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి సాగేది కాదు, ఎందుకంటే చదువుతున్నారని తెలుసు. ఆఫీసులో అందరికీ అతని అర్జీలు కంఠతా వచ్చేశాయి. ముప్ఫై మూడులో వానాకాలం గురించి రాసిన భాగాన్ని టైపిస్టు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేది. నలభై అయిదులో బాధ కొంచెం పల్చగా ఉందని పారిశుద్ధ్య విభాగం వాళ్ళు మొహమాటపడుతూ చెప్పారు. కాలవ ఎక్కడుందో, ఎంత వెడల్పో, అందులో ఎవరెవరు ఎప్పుడు పడ్డారో తెలియని ఉద్యోగి ఆ కార్యాలయంలో ఒక్కడు కూడా లేడు. పలక తప్ప ఆ అర్జీల్లో అందరికీ అన్నీ అర్థమయ్యాయి.

మార్చి నెలాఖరున పెద్ద ఉపద్రవం వచ్చింది. అర్జీలకి ప్లాస్టిక్కు తొడుగులు వేస్తుంటే పదిహేడోది లేదని బయటపడింది. రెండురోజులు వెతికితే, ఎన్నడో ఎవరో దాంట్లో మిరపకాయ బజ్జీలు పెట్టుకు తిన్నారని తేలింది. అంటే అది వాడబడినది. వరసలో చిల్లు పడింది. భద్రం ఉన్నపాటున గాజులవీధికి వచ్చి, కాలవ జాగ్రత్తగా గెంతి, షాపులో కూలబడ్డాడు.

"పదిహేడు మళ్ళీ రాసివ్వాలండీ. అదే తేదీ, అదే కాయితం, అదే సిరా."

"దానికేవుందండి, రాసిచ్చేత్తాను."

"అంత తేలిగ్గా తీసెయ్యకండి. పదహారులో మీరు బతిమాలుతున్నారు. పద్ధెనిమిదిలో కసురుకుంటున్నారు. మధ్యలో పదిహేడు ఎలా ఉండాలి? బతిమాలుతూ ఉండగా కోపం వస్తున్నట్టుండాలి. అలాగని పూర్తిగా రాకూడదు."

గనిరాజు మొదట రాసింది చదివి భద్రం తల అడ్డంగా తిప్పాడు. కోపం పైకొచ్చేసిందన్నాడు. రెండోది మరీ దీనంగా ఉందన్నాడు. మూడోది రాస్తున్నప్పుడు పక్కనుంచి, "ఆ రోజు మీకు ఏమనిపించిందో తల్చుకోండి" అని సాయం చేశాడు.

"ఆ రోజు మిమ్మల్ని కిటికీలోంచి సెయ్యి పెట్టి లాగాలనిపించిందండి," అన్నాడు గనిరాజు.

"ఆఁ! అదీ! ఆ లాగాలన్న కోరిక అలాగే ఉంచి, పైన 'తమ దయ' అని కలపండి," అన్నాడు భద్రం ఉత్సాహంగా.

అయిదోసారికి పదిహేడు కుదిరింది. భద్రం దాన్ని అట్టల మధ్య పెట్టుకుని లేచాడు. తిరిగి వెళ్ళేటప్పుడు సంతోషంలో చూసుకోక ఒక కాలు కాలవలో పెట్టాడు. మోకాలి దాకా దిగబడినా చేతిలో అర్జీని మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు. నూకరత్నం బిందెతో నీళ్ళు పోసి కాలు కడిగింది. "పలకుంటే బాగుణ్ణు కదండీ," అంది. నిజమేనమ్మా, ఈ అనుభవం నలభై ఎనిమిదిలో వచ్చేలా చూడండి అన్నాడు భద్రం.

ఏప్రిల్ ఆఖరుకి యాభై పూర్తయ్యాయి. మే నెలంతా టౌనుహాలుకి రంగులు వేశారు. జూన్ అయిదున గనిరాజు తనే కుట్టుకున్న తెల్లచొక్కా తొడుక్కుని, నూకరత్నాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. గుమ్మం ముందు నల్లరాతి శిలాఫలకం నిలబెట్టి దానికో తెర కట్టి ఉంది. రాష్ట్ర సేకరణల డైరెక్టరు గారు వచ్చి తాడు లాగారు. రేవులపాడు పురపాలక సంఘ అపూర్వ అర్జీల ప్రదర్శనశాల, శ్రీ పంచాగ్నుల శేషఫణి గారి సారథ్యమున, అని పెద్ద పెద్ద అక్షరాలు. ఆ అడుగున, వాటికంటే చిన్నగా, డైరెక్టరు గారి కరకమలములచే అని ఉంది. డైరెక్టరు గారు రెండుసార్లు చదివారు. మొహంలో రంగు మారింది. అందరూ చప్పట్లు కొట్టారు. గనిరాజు మాత్రం ఆ రాయి వంక అలవాటు కొద్దీ చూసి, నలభై ఎనిమిది పొడవు, ముప్ఫై వెడల్పు అనుకున్నాడు.

లోపల గోడల నిండా యాభై అర్జీలు అద్దాల వెనకాల వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీదా దీపం. డైరెక్టరు గారు ఇరవై రెండు దగ్గర ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎంత వేదన! ఎంత నిలకడ! ఈ అర్జీదారు ఏ కాలంవారు?"

"ఇక్కడే ఉన్నారండీ," అని శేషఫణి గారు గనిరాజుని ముందుకు తోశారు.

"అరె, జీవించే ఉన్నారా!" అని డైరెక్టరు గారు శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. మొదటి స్థానం రేవులపాడుకేనని ప్రకటించారు. ఆ సందడి తగ్గాక గనిరాజు శాలువాతోనే కమిషనరు గారి దగ్గరికి వెళ్ళాడు.

"పరిశీలన అయిపోయింది కదండి. పలక చూపిత్తానన్నారు."

"చూపిస్తానన్నాను, చూపిస్తాను. రండి," అని ఆయన హాలు చివరికి తీసుకెళ్ళారు.

అక్కడొక గాజుపెట్టె. ఎర్ర మఖమలు గుడ్డ మీద, నాలుగు మూలలా దీపాల మధ్య, సిమెంటు పలక పడుకుని ఉంది. అంచులు పదునుగా ఉన్నాయి. దాని మీద ఒక్క మట్టిమరక లేదు. పక్కన చీటీ ఉంది. గనిరాజు వంగి చదివాడు. "అర్జీదారు కోరిన పలక. ఆరో అర్జీ నాటికే వేరే పద్దు కింద మంజూరు. తొమ్మిదో అర్జీ నాటికి తయారు. నేటివరకు వాడనిది. తాకరాదు."

గనిరాజు మళ్ళీ చదివాడు. తొమ్మిదో అర్జీ నాటికే తయారు. అంటే ఇరవై రెండు రాసిన రోజున ఇది వీళ్ళ దొడ్లోనే ఉంది. నూకరత్నం చీలమండ పట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఏడ్చిన రోజున ఇది అక్కడే, ఇలాగే మట్టి అంటకుండా ఉంది.

"ఇది మాదండి," అన్నాడు.

"ముమ్మాటికీ మీదే! మీ పేరు మీదే ఉంచాం. కానీ దీన్ని తీసుకెళ్ళి కాలవ మీద పెడితే ఏమవుతుంది? వాడినట్టవుతుంది. నాలుగో నిబంధన. రాష్ట్రంలో ఇంత శుభ్రమైన పలక ఇంకొకటి లేదని ఇప్పుడే డైరెక్టరు గారు సెలవిచ్చారు. పైగా మనం జాతీయ స్థాయికి వెళ్తున్నాం గనిరాజు గారూ. దానికి వంద కావాలి. యాభై ఒకటి ఎప్పుడిస్తారు?"

గనిరాజు శాలువా తీసి మడతపెట్టి గాజుపెట్టె మీద పెట్టాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆయనకి దణ్ణం పెట్టకుండా బయటికి నడిచాడు. దారిపొడుగునా నూకరత్నం ఒక్కసారైనా నే చెప్పలేదా అనలేదు. అని ఉంటే బాగుండేదని అతనికనిపించింది.

రెండురోజుల తర్వాత నూకరత్నం కూరల బజారు నుంచి ఖాళీ సంచీతో పరుగు లాంటి నడకతో వచ్చింది.

"ఏవయ్యా, ఆ టౌనుహాలు రాయి గోడెనకాల పడేశారు. డైరెక్టరు గారి పేరు కిందెట్టారని పెద్ద గొడవంట. కొత్తది చెక్కించి నిలబెట్టేశారు. పాతది చెత్తలో ఉంది."

గనిరాజు మిషను ఆపాడు. "నలభై ఎనిమిదీ ముప్ఫై," అన్నాడు.

"కాలవ ముప్ఫయ్యే కదా?"

"ముప్ఫయ్యే. అటు తొమ్మిది, ఇటు తొమ్మిది ఆనుతుంది."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గనిరాజు అరటిపళ్ళ తోపుడుబండి అడిగి తీసుకున్నాడు. వీధిలో నలుగురు సాయం వచ్చారు. పట్టపగలు పదకొండు గంటలకి టౌనుహాలు వెనక నుంచి శిలాఫలకాన్ని బండికెత్తారు. కావలివాడు చూసి ఎక్కడికని అడిగాడు. గాజులవీధిలో వేయడానికని గనిరాజు ఉన్నమాటే చెప్పాడు. ఊళ్ళో ఏదో ఒక మూల రోజుకొక శిలాఫలకం లేస్తూనే ఉంటుంది గనక కావలివాడికి అందులో వింతేమీ కనపడలేదు. పైగా ఒక చెయ్యి వేశాడు.

కాలవ దగ్గర దించాక అక్షరాలు ఏ వైపు ఉండాలన్న ప్రశ్న వచ్చింది. పెద్దల పేర్లు, తొక్కితే బాగుండదు, బోర్లా వేద్దామన్నాడు గనిరాజు. నూకరత్నం వెనకవైపు చెయ్యి పెట్టి రాసి చూసింది.

"ఇటేపు నున్నగా ఉంది. వానకి జారతారు. అటేపు చెక్కారు కాబట్టి కాలికి పట్టుంటుంది. ఆరి పేర్లు పైకే పెట్టు."

పేర్లు పైకే పెట్టారు. చక్కగా కూర్చుంది, కుట్టించినట్టు.

పదో తారీకు పొద్దున భద్రం నోటీసు పట్టుకుని వచ్చాడు. కాలవ అవతలే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభుత్వ మురుగుకాలువపై ప్రైవేటు వస్తువును ఉంచి ఆక్రమణకు పాల్పడినందున..."

"ప్రైవేటు వస్తువేంటండీ?" అంది నూకరత్నం గుమ్మంలోంచి. "సదవండి ఒకసారి. పురపాలక సంఘం అని ఉంది. కాలవా మీదే, రాయీ మీదే. మీ రాయి మీ కాలవ మీదుంటే మాకేటండి సంబంధం?"

భద్రం వంగి చదివాడు. నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండో కాగితం తీశాడు.

"అయితే ఇది సేకరణ వస్తువండీ. తప్పు చెక్కిన శిలాఫలకాలు అరుదు. దీన్ని స్వాధీనం చేసుకుని ప్రదర్శనశాలలో..."

"వాడేశామండి," అన్నాడు గనిరాజు.

"ఏంటీ?"

"మూడురోజుల్నించి వాడేత్తన్నామండి. నిన్న సంతకెళ్ళినోళ్ళంతా దీని మీంచే వచ్చారు. గేదె కూడా నడిచింది. నాలుగో నిబంధన మీ కమిషనరు గారే సెప్పారు కదండీ."

భద్రం ఉద్యోగ జీవితంలో నిబంధనకి ఎదురు మాట్లాడి ఎరగడు. మోకాళ్ళ మీద కూర్చుని రాయిని పరీక్షించాడు. కమిషనరు గారి ఇంటిపేరు మీద పేడ మరక, కరకమలముల మీద చెప్పుల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. పెన్ను తీసి, వాడబడినది, విలువ లేదు, జాబితాకు అనర్హం అని రాసి సంతకం పెట్టాడు. లేచి దుమ్ము దులుపుకుని, ఆశ చావక, యాభై ఒకటో అర్జీ సంగతి అడిగాడు.

"దేని గురించి రాయమంటారండి?" అన్నాడు గనిరాజు.

భద్రం కిందికి చూశాడు. పలక ఉంది. వరస ఆగిపోయింది. అతని మొహం చిన్నబోయింది, కానీ వెనక్కి పోలేదు. ఒక అడుగు వేసి రాయి మీద నిలబడ్డాడు. కొంచెం ఊగి చూశాడు. తర్వాత షాపులోకి వచ్చి, సంచీలోంచి ఒక ప్యాంటు తీసి, ఆ రోజు కాలవలో పడినప్పుడు మోకాలి దగ్గర చిరిగింది, కుట్టి పెడతారా అని మెల్లగా అడిగాడు.

ఆ సాయంత్రమే కరుణమ్మ గారు వచ్చారు. ఫారం తీసి, రాయి మీద నిలబడే, గడిలో కలదు అని రాశారు.

పన్నెండో తారీకున బడి గంట కొట్టాక ఆడపిల్లలు కొలతలకి గాజులవీధిలోకి గుంపుగా వచ్చారు. గనిరాజు వంగి కత్తిరిస్తున్నాడు. చెప్పుల చప్పుడు వినపడగానే ఒళ్ళు మరిచి, తలెత్తకుండానే, "కాలవ! జాగర్తండోయ్!" అని గట్టిగా కేకేశాడు.

అందరికంటే ముందున్న ఆరో తరగతి పిల్ల సరిగ్గా శేషఫణి గారి పేరు మీద ఆగి, అటూ ఇటూ చూసింది.

"ఏ కాలవండీ?" అంది.